భావప్రసార విద్య: పట్టపరీక్షకు దానిని చదువుటను గుఱించి

మన పాఠశాలలో పదవ తరగతి ముగింపునకు వచ్చిన బాలబాలికలను "ముందేమి చదువుదురు?" అని యడిగినచో, చాలమంది ఇంజనీరింగనియో వైద్యమనియో చెప్పుదురు. మిగిలినవారిలో కొందఱు బి.కాం. అందురు. ఎప్పుడో యొకరు "జర్నలిజము" అని మెల్లగా చెప్పినచో, తక్కినవారు "టీవీలో కనబడవలెనని కాబోలు!" అని నవ్వుదురు. ఇంటివద్ద పెద్దలు నవ్వరు, దిగులుపడుదురు. ఈ నవ్వునకును ఆ దిగులునకును కారణమొక్కటియే. ఆ విద్య యెట్టిదో, అందేమి నేర్పుదురో మన ప్రాంతమున నెఱిగినవారు తక్కువ. అందుచే దానిని గుఱించి కొంత విపులముగా వ్రాయదలచితిమి.

విశ్వవిద్యాలయముల ప్రకటనలలో ఈ విషయము జర్నలిజమనియు, మాస్ కమ్యూనికేషననియు, కమ్యూనికేషను స్టడీస్ అనియు పలు పేర్లతో కానవచ్చును. పేర్లు వేఱైనను మూలమొక్కటియే. ఒకని మనస్సులోని మాట మఱియొకని మనస్సునకు ఎట్లు చేరును? చేరునపుడు దారిలో నేమి మాఱును? చేరకపోయినచో నెవరికి నష్టము? ఈ విద్య యంతయు ఈ ప్రశ్నల చుట్టును తిరుగును. దీనిని "చక్కగా మాటలాడుట నేర్పు చదువు" అని కొందఱు తలంతురు. మాటకారి సంతలోనే తయారగును. వానికి కళాశాల యక్కఱలేదు. వ్యవసాయశాస్త్రము చదువువాడు అరక దున్నుట మాత్రమే నేర్చుకొనక, నేలను, నీటిని, పురుగును గుఱించి తెలిసికొనును గదా. భావప్రసార విద్యయు నట్టిదే. మాటాడుటకన్న మాట నడకను పరిశీలించుట యిందు ముఖ్యము.

1948లో హెరాల్డు లాస్వెల్ అను అమెరికా రాజనీతిశాస్త్రజ్ఞుడు ఏ వార్తనైనను పరీక్షించుటకు ఐదు ప్రశ్నలను ఏర్పఱచెను. ఎవరు చెప్పిరి, ఏమి చెప్పిరి, ఏ మార్గమున చెప్పిరి, ఎవరికి చెప్పిరి, ఫలితమేమి. మొదటి సంవత్సరపు విద్యార్థులు దీనిని కంఠస్థము చేయుదురు. కంఠస్థము చేసినంత మాత్రమున ప్రయోజనము లేదు. ఈ ప్రశ్నలను మన కోయిలకుంట్లకు తీసికొనిపోయి అచ్చట వేసి చూడవలెను.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కుంపిణీ ప్రభుత్వముపై తిరుగబడెను. పట్టుబడిన పిదప 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో బహిరంగముగా ఉరితీయబడెను. అంతటితో నూరకొనక, దొరలు ఆయన తలను 1877 వఱకు అచ్చటనే జనులు చూచునట్లు వ్రేలాడనిచ్చిరి. ముప్పది యేండ్లు! చచ్చినవానికి శిక్ష యెక్కడిది? కనుక అది శిక్ష కాదు. బ్రదికియున్నవారికి పంపిన వార్త. చెప్పినవారు కుంపిణీవారు. చెప్పిన మాట "తిరుగబడినవాని గతి యిది" యనునది. మార్గము ఆ తలయే. వినవలసినవారు రేనాటి రైతులు. కాగితము లేదు, అచ్చు లేదు. అక్షరము రానివాడును చదువగల వార్త యది. ఇక ఐదవ ప్రశ్న. ఫలితమేమి? ఆ తలను చూచిన జనులు ఆయనపై పాటలు కట్టిరి. సర్కారు కాగితములలో దోషియైనవాడు పాటలో వీరుడయ్యెను. ఆ పాట తరములు దాటి వచ్చెను. 2019లో ఆయన కథ చలనచిత్రముగా గూడ వెలువడెను.

పంపినవారి అర్థమొకటి, అందుకొనినవారి అర్థము మఱియొకటి. 1973లో స్టూవర్టు హాలు అను పండితుడు ఇంగ్లండులో నుండి టెలివిజనును గుఱించి వ్రాయుచు, చూచువాడు తనకు పంపబడిన అర్థమును ఉన్నదున్నట్లు గ్రహింపవచ్చుననియు, కొంత మార్చి గ్రహింపవచ్చుననియు, పూర్తిగా తలక్రిందులు చేసియు గ్రహింపవచ్చుననియు సిద్ధాంతము చేసెను. ఆ వ్యాసమును చదివి మన విద్యార్థి భయపడనక్కఱలేదు. రేనాటి జనులు నూఱేండ్లకు ముందే ఆ మూడవ పని చేసి చూపియుండిరి.

ఇంక మాట దారిలో చెడుటను గుఱించి. లాస్వెల్ వ్రాసిన 1948లోనే, టెలిఫోను పరిశోధనశాలలో పనిచేయుచుండిన క్లాడ్ షానన్ అను గణితవేత్త వార్తాప్రసారమునకు లెక్కలతో కూడిన సిద్ధాంతమును ప్రకటించెను. పంపుచోటొకటి, నడుమ తీగ, అందుకొనుచోటొకటి. ఆ తీగలో చేరి మాటను చెఱచునదానికి ఆయన పెట్టిన పేరునకు మన తెలుగున "రొద" యనవచ్చును. ఆయన చెప్పినది తంతితీగెల రొద. తరువాతివారు ఆ మాటను మనుష్యులకును వర్తింపజేసిరి. బ్యాంకులో రైతు చేతికిచ్చు ఆంగ్లపు దరఖాస్తులో రొద యున్నది. అధికారి చదువు పుస్తకపు మాటలలో రొద యున్నది. ఆసుపత్రిలో మందుల చీటిపై గిలుకబడిన వ్రాతలో నున్న రొద ప్రాణముమీదికే రావచ్చును. 1963లో ఆకాశవాణి కడపలో కేంద్రమును తెఱచినపుడు సీమ రైతునకు దగ్గఱి గొంతు వినబడు దారి యేర్పడెను. రొద తగ్గించుట యనగా నిట్టిదే.

పత్రికలో పడినంత మాత్రమున మాట జనుల మనస్సున నాటుకొనునా? 1940లో అమెరికాలో అధ్యక్షుని ఎన్నిక జరుగునపుడు పాల్ లాజర్స్‌ఫెల్డు అను సమాజశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఒహాయో రాష్ట్రములోని ఈరీ కౌంటీలో ఓటర్లను నెలల తరబడి మరల మరల ప్రశ్నించి, 1944లో ఆ ఫలితములను అచ్చువేసిరి. పత్రికయు రేడియోయు జనులను నేరుగా త్రిప్పివేయుట అరుదనియు, వార్తలను శ్రద్ధగా వినువారు కొందఱుందురనియు, తక్కినవారు ఆ కొందఱి నోట విని నమ్ముదురనియు వారు కనుగొనిరి. రచ్చబండ నెఱిగిన మనకిది వింత గాదు. పత్రికను పెద్దగా చదివి వినిపించువాడొకడు, వినువారు పదిమంది. చదివినవాడు తల యూపిన వార్తయే ఊరిలో నిలుచును. అయినను, తెలిసినట్లు తోచినదానిని లెక్కపెట్టి నిరూపించుట వేఱు. ఆ లెక్కపెట్టు పద్ధతిని నేర్పుటయే కళాశాల చేయు పని.

ఎవరెట్ రోజర్సు కథయు మన మెట్టభూములవారికి నచ్చును. ఆయన అయోవా రాష్ట్రములో రైతుబిడ్డ. పొరుగువారు సంకరజాతి మొక్కజొన్న విత్తనము వేయుచుండగా ఆయన తండ్రి యేండ్లకొలది దానిని ముట్టలేదు. 1936లో అనావృష్టి వచ్చినపుడు తండ్రి పైరు వాడిపోయెను, పొరుగువారి పైరు నిలిచెను. కొడుకు పెరిగి, మంచి విత్తనము కండ్లయెదుట నుండగా మనిషి దానిని గైకొనుటకు ఏల తడవు పట్టునను ప్రశ్ననే తన జీవితపు పనిగా చేసికొని 1962లో గొప్ప గ్రంథమును ప్రకటించెను. భావప్రసార విద్యార్థులు నేటికిని దానిని చదువుచున్నారు.

ఇంతవఱకు చెప్పినది సిద్ధాంతము. ఈ విద్యకు మన జిల్లాలలో ఉన్న అక్కఱ యెట్టిదో తెలియవలెనన్న, 1876వ సంవత్సరమునకు పోవలెను.

ఆ యేడు వానలు తప్పెను. ధాత నామ సంవత్సరమగుటచే పెద్దలు దానిని ధాతకఱవనిరి. 1878 వఱకు దాని పీడ వదలలేదు. 1871 జనాభాలెక్కలో 9 లక్షలకు పైబడియుండిన కర్నూలు జిల్లా జనసంఖ్య 1881 లెక్కలో 7 లక్షలకు లోపునకు పడిపోయెను. కడప, బళ్లారి జిల్లాలును ఘోరముగా దెబ్బతినెను. అప్పటికి రైలు లేదా? ఉన్నది. మదరాసునుండి కడప మీదుగా పోవు రైలుమార్గము 1871 నాటికే రాయచూరు చేరియుండెను. తంతితీగెయు నుండెను. అయినను జనులు చచ్చిరి. వర్తకునకు తంతి యందుబాటులో నుండెను. దూరపు పట్టణమున ధర పెరిగినదని వాడు ఆ దినముననే తెలిసికొని, ఇచ్చటను ధర పెంచగలిగెను. కూలివానికి తంతి లేదు. వాని యాకలి తంతి మీద పోలేదు. ధర వేగముగా ప్రయాణము చేసెను, మొఱ మాత్రము కాలినడకన పోయెను. కఱవునకు కారణములు అనేకములున్నవి. సర్కారు ఖర్చు తగ్గించుటకై 1877లో సర్ రిచర్డు టెంపుల్ కఱవుపని కూలిని దినమునకు సుమారు ఒక పౌను గింజకు కుదించుటయు వానిలో నొకటి. కాని మొఱకును ధరకును గల ఈ వేగభేదమును భావప్రసార విద్యార్థి ప్రత్యేకముగా గమనింపవలెను. నా యభిప్రాయమున, మన సీమవారు ఈ విద్యను చదువవలసినదనుటకు ఇంతకన్న బలమైన హేతువు లేదు.

ఆ మొఱను సముద్రము దాటించినవారిలో విలియం డిగ్బీ ముఖ్యుడు. ఆయన అప్పుడు మదరాసు టైమ్సు పత్రికా సంపాదకుడు. 1877 ఆగస్టులో మదరాసున బహిరంగ సభ జరిగి, లండను నగరపు మేయరునకు సహాయము కోరుచు వార్త పంపబడెను. దానిపై ఇంగ్లండులో చందాల నిధి యేర్పడి లక్షలాది పౌనులు సమకూడెను. ఇచ్చట ఆ ధనమును పంచు సంఘమునకు డిగ్బీ కార్యదర్శియై పనిచేసి, 1878లో ఆ కఱవు చరిత్రను రెండు సంపుటములుగా వ్రాసెను. వానలు తప్పినది 1876లో; చందా సొమ్ము కదలినది 1877 ఆగస్టు తరువాత. ఆ నడిమి నెలలలో ఎంతమంది పోయిరో యెంచుకొనుడు. వార్త చేరినదే గాని, తడసి చేరినది.

ఆ కఱవునకే సంబంధించిన మఱియొక విషయము కలదు. నేటి విద్యార్థులకు ఛాయాచిత్రముల నీతిని బోధించునపుడు దానిని చెప్పుదురు. విల్లోబీ హూపర్ అను సైనికోద్యోగి మదరాసు రాజధానిలో ఎముకలగూడులైన జనులను వరుసగా కూర్చుండబెట్టి ఛాయాచిత్రములు తీసెను. ఆ చిత్రములు నేటికిని చూచువారి గుండెను కలచును. కాని వారికి అన్నము పెట్టక బొమ్మ తీసినాడని ఆయనపై నింద వచ్చెను. బొమ్మ లేనిచో లోకము నమ్మునా? బొమ్మ తీయుచేతికి ముందు చేయవలసిన పని మఱియొకటి లేదా? దీనికి ఒక్క వాక్యములో సమాధానము చెప్పు పంతులు ఆ పాఠమును చెప్పుటకు తగడు. రోడ్డు ప్రమాదమైన చోట సెల్‌ఫోనులు పైకెత్తుకొని నిలుచు మన కాలమున ఆ ప్రశ్న ఇంకను పచ్చిగానే యున్నది.

స్వేచ్ఛగల పత్రికలును, ఎన్నికలకు జవాబు చెప్పవలసిన ప్రభుత్వమును ఉన్న దేశమున పెద్ద కఱవుచావులు కలుగవని ఆర్థికశాస్త్రజ్ఞుడగు అమర్త్య సేన్ వాదించెను. ఈ వాదము అర్థశాస్త్రములోను గలదు, భావప్రసార పాఠములలోను గలదు. దీనిని పూర్తిగా నమ్మనక్కఱలేదు. చావులు కనబడును గనుక పత్రిక వ్రాయును. నెమ్మదిగా చంపు పస్తు, ఎండిన బోరుబావి, అప్పు, వలస - ఇవి దినదినము ఒక్కతీరుగనే యుండుటచే వార్త కావు. వార్త కానిదానిని వార్తగా నిలుపగల నేర్పే కావలసినది.

వార్త తడయుట ఒక కీడు. అబద్ధము వేగముగా పోవుట మఱియొక కీడు. 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాపులో వదంతులు వ్యాపించి, దేశములో పలుచోట్ల అమాయకులను జనులు కొట్టి చంపిరి. మన కర్నూలునకు తుంగభద్ర ఆవలి గట్టున నున్న జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పుడు పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరి, ఆ వదంతులను సెల్‌ఫోనుతోనే ఎదిరింపక, పోలీసులను ఊరూరికి పంపి, డప్పు కొట్టించి, జానపద గాయకులచేత పాటలు పాడించిరి. ఆమె అధికారముక్రింద నున్న గ్రామములలో ఆ వదంతుల వలన ప్రాణహాని జరుగలేదని పత్రికలు వ్రాసినవి. ఈ యుపాయము లాజర్స్‌ఫెల్డు చెప్పినదానికి సరిపోవుటను చదువరులు గమనించియే యుందురు. అద్దపుతెఱమీది అక్షరముకన్న ఎదుట నిలిచి చెప్పు మనిషిని ఊరు నమ్మెను. ఉపాయము ఊరికే తట్టవచ్చును. అది యేల పనిచేసినదో తెలిసినవాడు దానిని మఱియొక చోట మరల చేయగలడు.

ఇంక ఈ విద్య పుట్టుక. లోకమున తొలి జర్నలిజము కళాశాల 1908లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయమున ఏర్పడెను. మన దేశమున 1920లో అనీబెసెంటు అడయారులో కొంత ప్రయత్నము చేసెను. 1941లో లాహోరులో పంజాబు విశ్వవిద్యాలయమువారు శాఖను నెలకొల్పిరి. దేశవిభజనముతో అది ఢిల్లీకి తరలెను. మైసూరు మహారాజా కళాశాలలో 1951లో పట్టపరీక్షకే ఈ విషయమును చేర్చిరి. స్కాట్లండు మిషనరీలు స్థాపించిన నాగపురపు హిస్లాప్ కళాశాలలో 1952లోను, తెలుగుదేశమున ఉస్మానియాలో 1954లోను శాఖలు వెలసెను. మిషనులకు అచ్చుయంత్రముతో చుట్టఱికము పాతదే. 1835లో బళ్లారినుండి వెలువడిన "సత్యదూత"ను తొలి తెలుగు పత్రికయని పత్రికాచరిత్ర వ్రాసినవారిలో పలువురందురు. బళ్లారి యప్పుడు మన దత్తమండలములలోనిదే.

పట్టపరీక్షకు చదువు మూడేండ్లలో నేమి చేయించుదురు? పైన చెప్పిన సిద్ధాంతములుండును. వార్త సేకరించుట, వ్రాయుట, ఇతరులు వ్రాసినదానిని దిద్దుట, శీర్షిక పెట్టుట, రేడియోకు వ్రాయుట, కెమెరా పట్టుట నేర్పుదురు. ప్రశ్నావళి తయారుచేసి ఊరిలో కొందఱిని అడిగి ఊరంతటి సంగతి ఊహించు గణితమును నేర్పుదురు. దీనిని చూచి కళావిభాగపు విద్యార్థులు పాఱిపోవుచుందురు, పాఱిపోరాదు. చట్టము ప్రత్యేక పత్రముగా నుండును. రాజ్యాంగపు 19వ అధికరణము మాటాడు స్వేచ్ఛ నిచ్చుచు, దానికి హద్దులను గూడ చెప్పును. 1867 నాటి పత్రికల చట్టమునకు బదులు 2023లో చేసిన క్రొత్త చట్టము 2024 మార్చినుండి అమలునకు వచ్చెను. పరువునష్టపు నేరము భారతీయ న్యాయసంహితలో 356వ విభాగమున నున్నది. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద కాగితము పెట్టినవానికి సామాన్యముగా ముప్పది దినములలో సమాధానము రావలెను. తన ఊరి చెఱువు మరమ్మతునకు ఎంత ఖర్చుపడెనో యడుగుచు ఒక్క దరఖాస్తు వ్రాసిన విద్యార్థి, పుస్తకములో నూఱు పుటలు చదివినవానికన్న ఎక్కువ నేర్చుకొనును.

భాషను గుఱించి మన సీమవారికి ప్రత్యేకముగా చెప్పవలసినది కలదు. ఈ ప్రాంతమును నిజాము కుంపిణీకి 1800లో దత్తము చేసెను గనుక దీనికి దత్తమండలములను పేరు వచ్చెను. ఒకరు మఱియొకరికి ధారపోసిన సొత్తు అని ఆ పేరు దినదినము చెప్పుచుండెను. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు "రాయలసీమ" యను పేరును సూచించిరి. నేల మాఱలేదు, వాన పెరుగలేదు. పేరు మాత్రమే మాఱెను. అయినను విజయనగర రాయల కాలమును తలపించు ఆ పేరు ఈ జిల్లాలవారికి తాము ఒక జాతిగా మాటలాడుకొనుటకు తావిచ్చెను. 1926నుండి అనంతపురమున పప్పూరి రామాచార్యులు నడపిన "సాధన" పత్రికవంటివి అట్టి మాటకు వేదికలయ్యెను.

ఆ పేరునకే తరువాత మఱియొక రంగు పూయబడెను. 1997లో "ప్రేమించుకుందాం రా", 1999లో "సమరసింహారెడ్డి" వచ్చిన పిదప, సీమ యనగా కత్తులును బాంబులును తెల్లచొక్కాలును అని చూపు చిత్రములు వరుసగా వచ్చెను. ఆ పగలు అసలే లేవనుట అబద్ధము, ఉండినవి. కాని ఊరంతయు అవియే యని చూపుట మఱియొక అబద్ధము. హైదరాబాదు వసతిగృహమున చేరిన కడప కుఱ్ఱవానిని తోటివారు మొదట అడుగు ప్రశ్న యేదో మన పూర్వవిద్యార్థులకు తెలియును. జార్జి గెర్బ్‌నర్ అను పండితుడు, టెలివిజను ఎక్కువగా చూచువారు లోకమును ఉన్నదానికన్న అపాయకరమైనదిగా తలంతురని పరిశోధనలు చేసి చెప్పెను. ఆయన సిద్ధాంతమును మన సీమమీద పరీక్షించు పని యింకను చాల మిగిలియున్నది. ఆ పనికి సీమ మాటను ఎకసెక్కముగా గాక మాటగా విన్న చెవి కావలెను.

ఇక పెద్దల దిగులునకు జవాబు. ఈ చదువు అన్నము పెట్టునా? నిజము చెప్పవలెను. పెద్ద పట్టణములలో పత్రికల సంపాదకవర్గమున, టీవీ, రేడియో కేంద్రములలో, ప్రభుత్వ సమాచార పౌరసంబంధ శాఖలో, ప్రకటనల సంస్థలలో, ఆసుపత్రులయొక్కయు స్వచ్ఛంద సంస్థలయొక్కయు ప్రచార విభాగములలో ఉద్యోగములున్నవి. మండలములలో పనిచేయు విలేఖరుల స్థితి వేఱు. వారిలో పలువురకు నెలజీతము లేదు; ప్రకటనలు తెచ్చిననే గడచును. ప్రకటన యిచ్చు కాంట్రాక్టరును గుఱించియే వార్త వ్రాయవలసివచ్చినపుడు ఆ కలము ఏమగును? ఇది ఆ మనిషి నీతికి మాత్రమే సంబంధించిన ప్రశ్న గాదు. ఆకలి గలవానిని అట్టి చోట నిలిపిన యేర్పాటుదే తప్పు. అందుచే బీదయింటి విద్యార్థి దీనినొక్కదానినే నమ్ముకొనుట మంచిది కాదని మా తలంపు. అర్థశాస్త్రమో, గణాంకశాస్త్రమో, రాజనీతియో తోడుగా చదివినవాడు వార్తకు వస్తువు తెచ్చుకొనును. ఒకవేళ పత్రికలో చోటు దొరకకున్నను వానికి వేఱొక దారి యుండును. నీటి లెక్క తెలియనివాడు శ్రీశైలము జలాశయమును గుఱించి యెంత చక్కని తెలుగు వ్రాసినను రైతునకు కొఱగాదు. ఆంగ్లము చదివి గ్రహించు శక్తియు, తెలుగును తప్పులేక వేగముగా టైపుచేయు శక్తియు రెండును కావలెను.

చేరుటకు తావులను గుఱించి రెండు మాటలు. బి.ఎ.లో ఈ విషయము అన్ని డిగ్రీ కళాశాలలలో లేదు. ఆంధ్రప్రదేశమున 2023-24లో ఒకే ప్రధానవిషయమును ఎన్నుకొను పద్ధతిని పెట్టిరి. ఇట్టి నియమములు తఱచు మాఱుచుండును గనుక, చేరు యేటి ప్రకటనను చూచికొనవలెను. హైదరాబాదు, సికింద్రాబాదులలోని కొన్ని క్రైస్తవ కళాశాలలలో మాస్ కమ్యూనికేషనుతో బి.ఎ. కలదు. తిరుపతి శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమున బాలికలకు ఈ శాఖ యున్నది. కడపలో 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయమున పట్టభద్రులైనవారు పై చదువుగా జర్నలిజము చదువవచ్చును. బి.ఎ.లో ఈ విషయము దొరకనివారు నిరాశపడనక్కఱలేదు. పై తరగతిలో చేరుటకు సామాన్యముగా ఏ పట్టమైనను చాలును.

చేరుటకు ముందే తమకు ఈ పనియందు రుచి కలదో లేదో చూచుకొనదలచిన బాలబాలికలు కడపలోని బ్రౌను గ్రంథాలయమునకు ఒకమాఱు పోవచ్చును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడపకు ఉద్యోగియై వచ్చి, ఇచ్చట కొనిన బంగళాలో పండితులను కూర్చుండబెట్టి, ఒకే గ్రంథమునకు దొరకిన వ్రాతప్రతులను ప్రక్కప్రక్కన నుంచి, ఒకదానియందున్నది మఱియొకదానియందు లేనిచోట గుఱుతు పెట్టించెను. ఆ బంగళా యుండిన తావుననే నేటి గ్రంథాలయము నిలిచెను. అదే పనిని దినపత్రికలతో చేయవచ్చును. ఒకే దినపు మూడు పత్రికలను తీసికొని, మన జిల్లాకు సంబంధించిన ఒకే వార్తను ఎంచుకొని, శీర్షికలో ఏమున్నదో, ఎవరి మాట ముందు వచ్చినదో, ఎవరి మాట అసలే రాలేదో, సంఖ్యలు ఎచ్చట భేదించినవో నోటుపుస్తకమున నాలుగు వరుసలుగా వ్రాయవలెను. ఒక నెల యిట్లు వ్రాసిన పుస్తకమును తెలుగు పండితులవారికిగాని సాంఘికశాస్త్రపు ఉపాధ్యాయులవారికిగాని చూపినచో, వారు దిద్ది యిత్తురు.